విశాఖ చలికి ఏ చేతిపని ఎంచుకోవాలి?

మన ఊరి చలి గురించి బయటివాళ్ళకి చెబితే నవ్వుతారు. ఉత్తరాది నుంచి వచ్చినవాళ్ళు జనవరిలో ఆర్కే బీచ్‌లో చొక్కా చేతులు మడుచుకుని ఐస్‌క్రీమ్ తింటుంటే, పక్క నుంచి మనవాళ్ళు మంకీ క్యాప్, మఫ్లర్ వేసుకుని వాకింగ్ చేస్తూ పోతారు. అయినా మన చలి మనకి చలే. సముద్రం పక్కనే ఉండటం వల్ల బీచ్ వైపు రాత్రి ఉష్ణోగ్రత అంత సులువుగా పడదు గానీ, మబ్బు లేని రాత్రి ఉత్తరం నుంచి పొడిగాలి తిరిగితే సంగతి వేరు. వాతావరణ శాఖ వాల్తేరులో ఒక అంకె, ఎయిర్‌పోర్టు దగ్గర ఒక అంకె చూపిస్తుంది. పెందుర్తి, ఉక్కునగరం, సింహాచలం కొండ కింద కాలనీల్లో ఉండేవాళ్ళకి ఆ రెండు అంకెల తేడా తెల్లవారుజామున దుప్పట్లో తెలుస్తుంది. ఇక పాడేరు, అరకు, లంబసింగి 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళిపోయినా మన మాటల్లో ఇంకా 'మన ఏజెన్సీ'యే. అక్కడ పది డిగ్రీల లోపు పడటం ప్రతి చలికాలం చూసేదే.

ఈ రోజుల్లో చీకటి కూడా తొందరగా పడుతుంది. దేశమంతటి గడియారానికీ ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ దగ్గర నుంచి వెళ్తుంది. మనం దానికి ఇంకాస్త తూర్పున ఉన్నాం. అందుకే డిసెంబరు మొదట్లో అయిదున్నర కాకుండానే పొద్దుపోతుంది. బయటికి వెళ్ళబుద్ధి కాదు. ఫ్యాన్ ఆపేసిన ఇంట్లో కాగితం ఎగరదు, దారం చిక్కుపడదు. వేడి టీ చల్లారేలోపు చేతులతో ఏదైనా చేద్దామనిపిస్తుంది. ఫోన్ తీస్తే మాత్రం మంచు కురిసే దేశాల వాళ్ళు ఒళ్ళో దొంతర్ల ఊలు వేసుకుని చేసే పనులే కనిపిస్తాయి. వాటిని చూసి ఆర్డర్ పెట్టేముందు ఒక్క నిమిషం ఆగాలి.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. విశాఖలో అంతదాకా కూడా ఆగదు, సంక్రాంతి దాటిన కొన్నాళ్ళకే చెయ్యి రెగ్యులేటర్ మీదకి పోతుంది. కాబట్టి మనం ఏ పని ఎంచుకున్నా రెండు సంగతులు చూడాలి. చలి ఉండగా అది పూర్తవుతుందా? పూర్తయ్యాక ఆ వస్తువు ఏడాదిలో పది నెలలు ఉక్కపోసే ఊళ్ళో దేనికి పనికొస్తుంది? ఈ రెంటికీ జవాబు లేని పని ఎంత అందంగా ఉన్నా మార్చికల్లా అటక మీదే ఉంటుంది.

ఊలు: రెండు సూదులా, ఒక కొక్కెమా?

చలి అనగానే అందరి మనసూ ముందు ఊలు మీదకే పోతుంది. ఇందులో రెండు దారులు. నిట్టింగ్ అంటే రెండు పొడవాటి సూదులతో అల్లేది. క్రోషే అంటే కొక్కెం ఉన్న ఒకే సూదితో అల్లేది. చూడటానికి రెండూ ఒకేలా ఉన్నా రోజువారీ జీవితంలో చాలా తేడా ఉంది.

నిట్టింగ్‌లో ఆ వరుసలో ఉన్న కుట్లన్నీ సూది మీదే ఉంటాయి. ఒకటి జారితే కింది వరుసలు కూడా విడిపోతాయి. దాన్ని మళ్ళీ పైకి ఎక్కించడం కొత్తవాళ్ళకి తలనొప్పి. క్రోషేలో ఎప్పుడు చూసినా సూది మీద ఒకటే లూప్. కుక్కర్ విజిల్ వేసినా, పాలవాడు తలుపు కొట్టినా, మనవడు వచ్చి ఒళ్ళో కూర్చున్నా అలాగే వదిలేసి లేవొచ్చు. తప్పు వస్తే దారం లాగితే చాలు, ఎక్కడ దాకా కావాలంటే అక్కడ దాకా విప్పి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. ఇంట్లో గంటసేపు ఎవరూ కదిలించకుండా కూర్చోగలిగే అదృష్టం ఉన్నవాళ్ళు నిట్టింగ్ తీసుకోండి. మిగతా అందరికీ క్రోషే అని నా అభిప్రాయం.

నిట్టింగ్‌కి ఉన్న గొప్ప ఏమిటంటే అది మెత్తగా, సాగేలా వస్తుంది. స్వెట్టర్, మేజోళ్ళు, ఒంటికి అంటుకుని ఉండే టోపీ లాంటివి నిట్టింగ్‌లోనే బాగుంటాయి. క్రోషే కాస్త మందంగా, బిగువుగా వస్తుంది, ఊలు కూడా ఎక్కువ తింటుంది. బ్యాగు, టేబుల్ మ్యాట్, బొమ్మలు, గుమ్మం తోరణం లాంటివి దానికి తగిన పనులు. ఇక్కడే మన ఊరి ప్రశ్న వస్తుంది. స్వెట్టర్ అల్లడానికి కొత్తవాళ్ళకి చలికాలమంతా పడుతుంది, అయ్యేసరికి వేసుకునే రోజులు అయిపోతాయి. మొదటిసారి నిట్టింగ్ పట్టేవాళ్ళు స్వెట్టర్ జోలికి పోకుండా మఫ్లర్‌తో మొదలుపెట్టాలి. ప్రతి వరుసా ఒకే రకం కుట్టుతో, జానెడు వెడల్పు, మీటరున్నర పొడవు. సాయంత్రాలు కాస్త కుదురుగా కూర్చుంటే భోగికి ముందే తాతయ్య మెడలో ఉంటుంది.

క్రోషే అయితే దారం విషయంలో మనకి మంచి అవకాశం ఉంది. ఊలే వాడాలని రూలేమీ లేదు. కాటన్ దారంతో అల్లిన సంచి, నీళ్ళ బాటిల్ తొడుగు, వేడి గిన్నె కింద పెట్టే మ్యాట్ మే నెలలో కూడా పనికొస్తాయి. అక్రిలిక్ ఊలు చవక, రంగులు బోలెడు, ఉతకడం సులువు. కానీ చెమట పీల్చదు, నిప్పు దగ్గర కరుగుతుంది. అసలు ఊలు ఒంటికి హాయిగా ఉంటుంది గానీ ధర ఎక్కువ, దాచడం కష్టం. సముద్రపు తేమకి తోడు పురుగు భయం ఒకటి. విశాఖ నగరంలో ఉండేవాళ్ళకి కాటన్, ఏజెన్సీలో ఉండేవాళ్ళకి, లేదా అక్కడి చుట్టాలకి ఇవ్వాలనుకునేవాళ్ళకి ఊలు. పంపకం ఇంత తేలిక.

మొదటి సూదిగా 4 మిల్లీమీటర్ల అల్యూమినియం క్రోషే హుక్, మధ్యస్థ మందం ఉన్న లేత రంగు దారం తీసుకోండి. నలుపు, నేవీ బ్లూ వద్దు. సాయంత్రం ట్యూబ్‌లైట్ కింద ముదురు రంగులో కుట్టు ఎక్కడుందో కనపడదు, కొత్తవాళ్ళు మధ్యలో వదిలేయడానికి సగం కారణం అదే. సూది, రెండు ఉండల దారం కలిపినా రెండు మూడు వందలు దాటదు. అన్ని ఉండలూ ఒకేసారి కొనండి, చీటీ మీద లాట్ నంబరు ఒకటేనా అని చూడండి. ఒకే రంగు పేరున్నా వేరే లాట్‌లో అద్దినది కొద్దిగా తేడాగా ఉంటుంది. దుకాణంలో కనపడని ఆ తేడా మఫ్లర్ మధ్యలో గీతలా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

క్రోషే మన రాష్ట్రానికి కొత్తేమీ కాదు. నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు 19వ శతాబ్దంలో మిషనరీల దగ్గర నేర్చుకున్న లేసు అల్లిక ఇప్పటికీ సాగుతోంది, దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఒకప్పుడు టీవీ మీద, ఫ్రిజ్ మీద పరిచిన తెల్ల లేసు గుడ్డలు గుర్తున్నవాళ్ళకి ఆ పని నేర్చుకోవాలని ఉంటుంది. నేర్చుకోండి గానీ మొదటే వద్దు. సన్న దారం, సన్న సూది, లెక్క తప్పితే మొత్తం పోయే డిజైన్లు. అది పగటి వెలుతురులో బాల్కనీలో కూర్చుని చేసే పని, రాత్రి ఎనిమిదింటికి చేసేది కాదు.

ఎంబ్రాయిడరీ, మగ్గం

ఎంబ్రాయిడరీకి ఖర్చు చాలా తక్కువ. ఒక చెక్క ఫ్రేమ్, సూదుల ప్యాకెట్, నాలుగైదు రంగుల దారం, ఇంట్లో ఉన్న పాత తెల్లగుడ్డ. ఎంబ్రాయిడరీ దారం లచ్ఛీ (ఒక చుట్ట) సాధారణంగా 8 మీటర్లు ఉంటుంది, అందులో ఆరు పోగులు పేనకుండా పక్కపక్కనే ఉంటాయి. ఆరూ కలిపి కుట్టేయకుండా రెండో మూడో పోగులు విడదీసి వాడితే పని సన్నగా, నీటుగా వస్తుంది. మోచేతి పొడవు కంటే ఎక్కువ దారం ఎక్కించకండి, ముడులు పడతాయి. కాడ కుట్టు, గొలుసు కుట్టు, పూరేకులకి వేసే లేజీ డేజీ కుట్టు వస్తే చాలు, రెండు సాయంత్రాల్లో చేతిరుమాలు అంచున ఓ తీగ, నాలుగు పూలు వచ్చేస్తాయి. చలి నాలుగు రోజులే ఉన్నా పూర్తయ్యే పని ఇదొక్కటే.

ఇబ్బందులు కూడా ఉన్నాయి. మొదటిది చూపు. నలభై దాటినవాళ్ళు టేబుల్ ల్యాంప్ లేకుండా రాత్రిపూట ఎంబ్రాయిడరీ పెట్టుకోవద్దు. ల్యాంపు కుడిచేతివాటం వాళ్ళకి ఎడమ పక్కన ఉంటే చేతి నీడ గుడ్డ మీద పడదు. రెండోది, ఎరుపు, మెరూన్ దారాలు రంగు వదులుతాయి. కుట్టేముందే తడిపిన తెల్లగుడ్డలో దారం నొక్కి చూడండి. మూడోది మన సముద్రం చేసే అల్లరి, దాని సంగతి కింద చెబుతాను.

మగ్గం పని వేరే లోకం. గుడ్డని పెద్ద చట్రానికి బిగించి, మొనకి కొక్కెం ఉన్న ఆరి సూదితో పైనుంచి పొడిచి, కింద నుంచి దారం అందించి లాగాలి. చెయ్యి అలవాటు పడితే మామూలు సూది కంటే చాలా వేగంగా నడుస్తుంది. పూసలు, జరీ, కుందన్లు అన్నీ దానితోనే. ధనుర్మాసంలో పెళ్ళిళ్ళు ఉండవు, మాఘమాసం వచ్చేసరికి జాకెట్ల గిరాకీ ఒక్కసారి పెరుగుతుంది. ఆ లెక్కన డిసెంబరులో నేర్చుకోవడం మొదలుపెట్టాలని చాలామంది అనుకుంటారు. సంపాదన కోసం అయితే ఆ ఆలోచన సబబే, దగ్గరలో నేర్పించేవాళ్ళని వెతుక్కోండి. చలి సాయంత్రాలు హాయిగా గడపడానికి అయితే మాత్రం నేను వద్దంటాను. చట్రం గది సగం ఆక్రమిస్తుంది, వంగి కూర్చుంటే నడుం పట్టేస్తుంది, గ్రానైటు నేల మీద కింద చాప ఉన్నా కాళ్ళు జిల్లుమంటాయి. నెల తిరిగేసరికి జాకెట్ మీద ఒక నెమలి తల మాత్రం ఉంటుంది.

బొంత

నా ఓటు దీనికే, ముందే చెప్పేస్తున్నాను. సూదీ దారం తప్ప కొనేదేమీ లేదు, నేర్చుకునేది ఒకటే కుట్టు, కుడుతుండగానే ఒళ్ళో వెచ్చగా ఉంటుంది, అయ్యాక తరాలు వాడొచ్చు. ఇంత అనుకూలమైన పనిని వదిలేసి మనం ఆన్‌లైన్‌లో బొచ్చు దుప్పట్లు కొంటున్నాం.

ఉత్తరాంధ్ర పల్లెల్లో బొంత లేని ఇల్లు ఒకప్పుడు ఉండేది కాదు. పాత నేతచీరలు, పంచెలు పొరలు పొరలుగా పేర్చి చేత్తో కుట్టేది. దాని వెచ్చదనం గుడ్డ మందంలో కంటే పొరల మధ్య నిలిచిన గాలిలో ఉంటుంది. కాటన్ కాబట్టి చెమట పట్టదు, చలి తగ్గాక అదే పరుపు మీద పరుపు గుడ్డగా, వేసవిలో డాబా మీద పడుకునేటప్పుడు కింద పక్కగా వాడుకోవచ్చు. ఏడాదంతా పనికొచ్చే వస్తువు కావాలంటే ఇదే.

లెక్క చూడండి. చీర పొడవు 5.5 మీటర్లు. నడిమికి మడిస్తే 2.75 మీటర్ల పొడవున రెండు పొరలు. వెడల్పు మీటరు దాటుతుంది, ఒక మనిషికి సరిపోతుంది. అలా మూడు చీరలు పేరిస్తే ఆరు పొరలు. నగరంలో చలికి ఇది చాలు. పాడేరు వైపు అయితే ఇంకో రెండు చీరలు లోపల పెట్టండి. పొడవు ఎక్కువైన చోట తలవైపు మడతపెట్టి కుట్టేస్తే అక్కడ మెత్తగా దిండులా ఉంటుంది. చీరని ముక్కలు చేయాల్సిన పనిలేదు. నాకు ఈ పద్ధతి చెప్పిన ముసలామె మాట ఇంకా చెవిలో ఉంది: "సీర సింపీకమ్మా, మడతెట్టి కుట్టు. రేప్పొద్దున ఇప్పుకుంటే మల్లీ సీరే అవుద్ది." ఆమె అన్నది నిజం, బొంత పాతబడితే కుట్టు విప్పి చిరిగిన చీర తీసేసి కొత్తది పెట్టి మళ్ళీ కుట్టుకోవచ్చు.

చీరలు ఏవి పడితే అవి పనికిరావు. బాగా ఉతికి ఉతికి మెత్తబడిన నేతచీరలు కావాలి. సింథటిక్ చీరలు జారిపోతాయి, పొరలు నిలవవు. పాలిస్టరు కలిసిందేమో అనుమానం ఉంటే అంచు నుంచి ఒక పోగు తీసి వెలిగించి చూడండి. కాటన్ కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలిస్టరు కరిగి గట్టి ఉండ కడుతుంది. ఫాల్, గంజి, జరీ అంచు తీసేయాలి. జరీ ఒంటికి గీరుకుంటుంది. బాగా చిరిగిన చీరలు లోపలికి, రంగు బాగున్నది పైకి, మెత్తనిది ఒంటికి తగిలే వైపుకి.

పరిచేటప్పుడు ఇద్దరు ఉంటే మంచిది. నాలుగు మూలలు లాగి, ముడతలు లేకుండా పేర్చి, నడిమి నుంచి అంచులకి కచ్చా కుట్లు వేసుకుంటూ రండి. అంచు నుంచి మొదలుపెడితే మధ్యలో గుడ్డంతా గుంపు కూడి ఉబ్బుతుంది, విప్పడం తప్ప వేరే దారి ఉండదు. తర్వాత లావు కాటన్ దారంతో, పెద్ద బెజ్జం ఉన్న పొడవాటి సూదితో వరుసలు. వరుసకీ వరుసకీ మధ్య మూడు నాలుగు వేళ్ళ దూరం. కుట్టు పొడవు అన్నీ ఒకేలా రావాలన్న పట్టింపు వద్దు. వంకరగా వచ్చినా పొరలు కదలకుండా పట్టుకుంటే సరిపోతుంది. ఆరు పొరలు పొడవాలి కాబట్టి మధ్యవేలికి తొడుగు పెట్టుకోండి. షుగర్ ఉండి వేళ్ళు మొద్దుబారినవాళ్ళు తొడుగు లేకుండా అసలు కుట్టకూడదు, సూది గుచ్చుకున్నా వెంటనే తెలియదు.

ఒక్కరే కుడితే పెద్ద బొంత ఈ చలికాలంలో పూర్తవుతుందా అంటే రోజుకి గంట కూర్చుంటేనే. అత్తాకోడళ్ళు, అక్కచెల్లెళ్ళు ఎదురెదురుగా కూర్చుని కుడితే సగం రోజుల్లో అయిపోతుంది. టీవీ చూస్తూ, కబుర్లు చెప్పుకుంటూ చేయగలిగే పని కూడా ఇదే. లెక్కలు పెట్టుకునే పని లేదు, కళ్ళు మొత్తం అక్కడే ఉంచక్కర్లేదు. ముందు చిన్నదానితో మొదలుపెట్టాలనిపిస్తే పుట్టబోయే మనవరాలికి ఒక్క చీరతో నాలుగు పొరల పసిబొంత కుట్టండి. మెత్తటి చీర, లోపల ముడులు బయటికి రాకుండా.

మిషన్ మీద కుట్టొచ్చా అని అడుగుతారు. కుట్టొచ్చు, కానీ ఆరు పొరలు మామూలు ఇంటి మిషన్ కింద సరిగా జరగవు, కింది పొర ముందుకు పోయి పై పొర వెనక ఉంటుంది. మిషన్ కుట్టు బిగువుగా ఉండి గాలి కూడా నిలవదు. అంచులు మాత్రం మిషన్ మీద వేసుకుంటే గట్టిగా ఉంటాయి.

ఖర్చు లేనివి, పిల్లలతో చేసేవి

ధనుర్మాసంలో రోజూ ముగ్గు వేసే ఇంట్లో అసలు వేరే హాబీ వెతుక్కోవాల్సిన పనేముంది? రాత్రి ముగ్గుల పుస్తకం, పెన్సిల్ పట్టుకుని కూర్చోవడం, పొద్దున్న దాన్ని వాకిట్లో వేయడం. కొత్తవాళ్ళు 7 చుక్కలు, 4 వచ్చేవరకు సందు చుక్కతో మొదలుపెట్టండి. అంటే నడిమి వరుసలో 7, దానికి అటూ ఇటూ సందుల్లో ఒక్కొక్కటి తగ్గిస్తూ 4 దాకా, మొత్తం 37 చుక్కలు. అది చేతికి వచ్చాక 15 చుక్కలు, 8 వచ్చేవరకు. అప్పుడు 169 చుక్కలు అవుతాయి, మెలికల ముగ్గు దాని మీద వేస్తే అరగంట దానికే పోతుంది. అపార్ట్‌మెంట్‌లో వాకిలి లేదంటారా, గడప ముందు రెండడుగుల జాగాలో వేసే ముగ్గుకి కూడా చుక్క లెక్క ఒకటే.

పిల్లలు ఉన్న ఇంట్లో, ఆవు పేడ దొరికే చోట, భోగి పిడకలు చేయించండి. మధ్యలో బెజ్జం పెట్టి, ఎండబెట్టి, దండ గుచ్చి భోగి మంటలో వేసేవి. ధనుర్మాసం మొదట్లోనే చేయాలి, మన గాలిలో తేమకి పైకి ఎండినట్టున్నా లోపల పచ్చిగా ఉంటాయి. మట్టిబొమ్మలు కూడా సంక్రాంతి బొమ్మల కొలువుకి పనికొస్తాయి. దుకాణాల్లో దొరికే, గాలికి ఆరే క్లే అయితే కాల్చే అవసరం లేదు. నేరుగా ఎండలో పెడితే పగుళ్ళు వస్తాయి. నీడలో రెండు మూడు రోజులు, మధ్యమధ్యలో తిప్పుతూ ఆరనివ్వాలి. అసలు టెర్రకోట బట్టీలో కాలాలి కాబట్టి ఇంటిపని కాదు. అలాగే ఏటికొప్పాక బొమ్మలు చూసి మనమూ చేద్దామనుకునేవాళ్ళకి ఒక మాట: అంకుడు కర్ర, తిరుగుడు యంత్రం, లక్క అన్నీ కావాలి. కొలువు కోసం అక్కడి కళాకారుల దగ్గర కొనుక్కోవడమే మేలు. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరు ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది, చలికాలం ఆదివారం వెళ్ళిరావడానికి హాయైన ప్రయాణం.

చిన్న మెరుపు రాళ్ళు అంటించే డైమండ్ పెయింటింగ్, నంబర్ల ప్రకారం రంగులు వేసే కిట్లు అలసిన బుర్రకి మంచివే. ఆలోచన అక్కర్లేదు. కానీ ఒకటి అయ్యాక ఇంకోటి కొనాలి, గోడకి తగిలించడం తప్ప దానితో చేసేదేమీ లేదు. ఇచ్చినవాళ్ళు ఉంటే చేయండి, డబ్బు పెట్టి కొనమని చెప్పలేను.

కొవ్వొత్తులు, రెసిన్ (అచ్చులో పోస్తే గట్టిపడే రసాయన ద్రవం) సంగతి మరీ తేల్చి చెప్పాలి. చలికి తలుపులు, కిటికీలు బిగించుకునే రోజుల్లో రెసిన్ పని పెట్టుకోవద్దు. ఆవిర్లు బయటికి పోవాలి, చేతికి గ్లవ్స్ ఉండాలి, పైగా చల్లటి గదిలో రెసిన్ చిక్కగా ఉండి గాలి బుడగలు పట్టుకుంటాయి, గట్టిపడటానికి ఎక్కువసేపు పడుతుంది. మార్చిలో చేసుకోండి. కొవ్వొత్తుల మైనం నేరుగా స్టవ్ మంట మీద కరిగించకండి, నీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించాలి. అంటుకుంటే నీళ్ళు పోయకూడదు, స్టవ్ ఆపి మూత మూసేయాలి. పిల్లలు తిరిగే వంటింట్లో ఇంత టెన్షన్ ఎందుకు అనిపిస్తే, పత్తి తెచ్చుకుని ఒత్తులు చేసుకోండి. అమ్మమ్మలు మాట్లాడుకుంటూ డబ్బాల కొద్దీ చేసేవారు.

ఎవరికి ఏది?

ఏడింటికి ఆఫీసు నుంచి వచ్చి, వంట అయ్యాక గంట మిగిలేవాళ్ళకి క్రోషే. పట్టుకోవచ్చు, వదలొచ్చు, బస్సులో కూడా చేయొచ్చు. రిటైరై రోజంతా ఇంట్లో ఉండేవాళ్ళు పగలు బాల్కనీ ఎండలో ఎంబ్రాయిడరీ, రాత్రి బొంత. కీళ్ళనొప్పులున్నవాళ్ళు సన్న సూదుల జోలికి పోకండి, లావు పిడి ఉన్న హుక్, లావు దారం తీసుకుని ఇరవై నిమిషాలకోసారి చేతులు విదిలించుకోండి. హాస్టల్లో ఉండే పిల్లలకి ఎంబ్రాయిడరీ ఫ్రేమ్ ఒక్కటి చాలు, మంచం మీద సరిపోతుంది. అరకు, పాడేరు వైపు ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళకి తెల్లవారుజామున వేళ్ళు కొంకర్లు పోతాయి, సన్న సూది బెజ్జంలో దారం ఎక్కించడమే యుద్ధం. వాళ్ళకి లావు ఊలుతో నిట్టింగో, బొంతో మంచిది. అక్కడివాళ్ళకి ఇంకో మాట కూడా చెప్పాలి. చలిగా ఉందని బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపులు మూసి కూర్చోకండి. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అక్రిలిక్ అల్లిక ఒళ్ళో పెట్టుకుని నెగడు దగ్గర కూర్చోవడం కూడా వద్దు, నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది.

సామాను కోసం పెద్ద హాబీ స్టోర్లు వెతకాల్సిన పనిలేదు. పూర్ణా మార్కెట్, జగదాంబ, గాజువాకల్లో టైలరింగ్ సామాను, లైనింగు, ఫాల్స్ అమ్మే మ్యాచింగ్ సెంటర్లలో అడిగి చూడండి. దారం రంగు కళ్ళతో చూసి, చేత్తో పట్టుకుని కొనడం ఫోన్లో చూసి కొనడం కంటే నయం.

సముద్రం సంగతి అన్నాను కదా. ఉప్పుగాలికి మన సూదులు తుప్పు పడతాయి. బీచ్ రోడ్, పెదవాల్తేరు, లాసన్స్ బే వైపు ఇళ్ళలో మరీ త్వరగా. రాత్రి పని ఆపేసినప్పుడు సూదిని గుడ్డలోనే గుచ్చి వదిలేస్తే నాలుగు రోజులకి అక్కడ గోధుమరంగు చుక్క పడుతుంది. తెల్ల కాటన్ మీద పడితే నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెడితే చాలావరకు పోతుంది, రంగు గుడ్డ మీద అది కూడా చేయలేం. సూదులు మూత గట్టిగా ఉన్న చిన్న డబ్బాలో కాస్త టాల్కం పౌడర్ వేసి ఉంచండి. క్రోషేకి అల్యూమినియం, నిట్టింగ్‌కి వెదురు సూదులు తీసుకుంటే ఈ బాధే లేదు. వెదురు మీద కుట్లు తొందరగా జారవు కూడా. ఎంబ్రాయిడరీ గుడ్డని రోజూ ఫ్రేమ్ నుంచి తీసేయండి, లేకపోతే వలయం మచ్చలా నిలిచిపోతుంది.

ఇంత చూసుకుని మొదలుపెట్టినా చలి మనకంటే ముందే వెళ్ళిపోతే? సగంలో ఆగిన మఫ్లర్‌ని అక్కడే ముగించి రెండు చివరలు కలిపి కుట్టేయండి, తల మీద నుంచి దూర్చుకునే మెడపట్టీ అవుతుంది. బొంత ఎక్కడిదాకా కుట్టారో అక్కడికి మడిచి అంచులు వేస్తే పూజలో కూర్చునే ఆసనం. ఎంబ్రాయిడరీకి ఈ గొడవ లేదు, ఫ్యాన్ కింద కూర్చుని మేలో కూడా కొనసాగించొచ్చు, చేతి చెమటకి దారం మాయకుండా పక్కన పొడి తువ్వాలు ఒకటి పెట్టుకోండి.